ఇంటర్మీడియట్ పాసైనవాడి సముద్రయానం

సముద్రం చూసి వచ్చినవాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు. దాని మీద కూర్చొని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని, పోనివాళ్ల కోసం ఆ ప్రయాణం సంగతి రాస్తున్నాను. డైరీలో ఉన్నది ఉన్నట్టు దించితే మీరు చదవలేరు. ఏ పూట గాలి ఎటు వీచిందో కూడా రాసుకునే అలవాటు నాది. కొంత వదిలేశాను. నాకు తలవంపులు తెచ్చినవి మాత్రం వదల్లేదు.

కోరమాండల్

నేను పుట్టింది కర్ణాటక సరిహద్దులోని కామసముద్రంలో. పేరే గాని అక్కడి నీళ్లన్నీ వ్యవసాయ బావుల్లోనివే. ఈత నేర్చుకున్నదీ వాటిల్లోనే. ఆ పైన సరిహద్దు దాటి ఆంధ్రలోని కుప్పంలో చదువుకున్నాను. బంగారు గనుల టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేశాను, గనులు మూతపడ్డాక ఒక కాలేజీ ఆఫీసులో చేరి అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడుండేది కేజీఎఫ్‌లో, కోరమాండల్ రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో. ప్లాట్‌ఫారం మీద నిలబడితే కనబడేవి, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బలే.

మా మనవరాలు సహన, అంటే కూతురి కూతురు, బెంగళూరులో కంపెనీ ఉద్యోగం మానేసి మహాబలిపురం దగ్గర ఒక జాలరి ఊళ్లో చేరింది. అక్కడ సర్ఫింగ్ నేర్పే శిబిరం ఒకటి ఉంది. సర్ఫింగ్ అంటే మనిషంత పొడుగు పలక మీద అలపై నిలబడి ఒడ్డుకు రావడం. అది నేర్పే పని ఆమెది. ఒక నెల చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారట. శిబిరం వాళ్ల ప్రకటన ఫోన్‌లో పంపింది. ‘కోరమాండల్ తీరంలో పేరుపొందిన పాయింట్’ అని ఉంది అందులో.

పక్కింటి మునిరత్నం అది చదివి, “కోరమాండల్ అంటే మన స్టేషనే కదప్పా. ఈడ నీళ్ల ట్యాంకరు రావడమే కష్టంగా ఉండాది, అలలు యాడ నించి వచ్చినాయి?” అన్నాడు.

మా అల్లుడు మంజునాథ్‌కు బంగారుపేట బజారులో బట్టల అంగడి. నవ్వే ఓపిక అతనికి లేదు. నేరుగా మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

“మావా, నేను పోతే గలాటా అయితాది. మీరు పోయి చూసి రాండి. డైరీలో ఏం రాస్తారో అది నాకు చదివి వినిపించండి. మీరు బాగుండాదంటే ఉండనిస్తాను. బాగలేదంటే పిల్చుకొని రాండి.”

“నేను చెప్తే వస్తాదా అది?”

“మీ మాట అది ఎప్పుడు తీసేసినాది?”

ఆ విధంగా నేను, సముద్రంతో ఏ సంబంధమూ లేనివాణ్ణి, సముద్రం మీద విచారణాధికారినయ్యాను.

రైల్లో

బంగారుపేటలో ఎక్కిన రైల్లో నా ఎదురుగా టేకల్ నుంచి వచ్చిన పెద్దామె కూర్చుంది. చెన్నైలో కూతురింటికి రాగిపిండి మూట తీసుకొని పోతోంది. యాడికి పోతా ఉండారని అడిగింది. చెప్పాను.

“పలక మీద నిలబడేది ఉద్యోగమా?”

“నిలబడేది నేర్పడం ఉద్యోగమమ్మా.”

ఆమె కాసేపు ఆలోచించింది. “మా కోడలు పొద్దు మొలిచినప్పట్నించి నిలబడే ఉంటాది. దానికి యాడ ఇస్తారో అడిగి చెప్పప్పా, నిలబడిందంతా సుమ్నే, ఊరికే పోతా ఉండాది.”

ఆమె ప్రశ్న డైరీలో రాసుకున్నాను.

శిబిరం

శిబిరం యజమాని వివేక్ బెంగళూరు మనిషి. నలభై దాటలేదు. చెప్పులు లేవు, జుట్టు వెనక్కి ముడేసుకున్నాడు. నాది కోలారు జిల్లా అనగానే, “మా అవ్వది టేకల్ సార్,” అని మన వైపు తెలుగులోకి దిగాడు. “ఈడ బాసులు లేరు. గడియారం లేదు. అందరం ఒక ఫ్యామిలీ.”

అతని వెనక గోడ మీద డ్యూటీ చార్టు ఉంది. దాని పక్కన ఆటుపోట్ల పట్టిక నిమిషాలతో సహా ఉంది. దాని కింద ఫ్యామిలీ పాటించవలసిన నిబంధనలు పదమూడు. ఏళ్ల తరబడి హాజరు పుస్తకం రాసినవాణ్ణి. గడియారం లేని చోట ఇంత చక్కటి టైమ్ ఆఫీసు నేనెక్కడా చూడలేదు. మూడో నిబంధన: ప్రతి అతిథి ఫారాన్నీ డ్యూటీలో ఉన్న టీచరు చదివి సంతకం చేయాలి. నాలుగోది: నీళ్లలో ఉన్న తరగతిని వదిలి టీచరు ఎక్కడికీ పోరాదు. పోతే ఆ రోజే ఆఖరు. ఈ రెండూ నాకు చాలా నచ్చాయి. డైరీలోకి ఎక్కించుకున్నాను.

భోజనాల పట్టికలో ‘ఏన్షియంట్ మిల్లెట్ బౌల్’ అని ఉంది, మూడు వందల యాభై రూపాయలు. తెప్పించి చూస్తే రాగి గంజి. కొబ్బరి చిప్పలో పోసి పైన నాలుగు అరటి ముక్కలు అంటించారు. మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఇచ్చేది ఇదే. పక్క టేబుల్ దగ్గర ఒకతను దాన్ని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి చల్లారబెట్టాడు. మరుసటి పూట నుంచి నేను గేటు బయట సుందరమ్మ బండి దగ్గర ముప్పై రూపాయల పొంగలి తిన్నాను. అది ఫోటోకు ఆగలేదు.

అప్పుడు ఫారం ఇచ్చారు. శిబిరంలో దిగిన ప్రతివాడికీ రెండు తరగతులు ఉచితం. దిగకుండా సాక్ష్యం చెప్పడం నాకు పడదు కాబట్టి, ఈత వచ్చు అని రాసి, మిగతా గళ్లు నింపాను. చివర ‘లెవెల్’ అని ఉంది. కింద మూడు గళ్లు: బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్.

మన కర్ణాటకలో పీయూసీ అంటారు గాని, నేను చదివింది ఆంధ్రలో కదా. అక్కడ ఇంటర్మీడియటే. బోర్డు పరీక్ష ఒక్క దెబ్బలో పాసయ్యాను, సెకండ్ క్లాసు. డిగ్రీకి పోలేదు గనుక అడ్వాన్స్‌డ్ అని రాయడం అబద్ధం అవుతుంది. బిగినర్ అంటే అక్షరాలు రానివాడు అనుకున్నాను. ఇంటర్మీడియట్ మీద టిక్కు పెట్టి, పూర్తి సంతకం చేసి ఇచ్చాను. కౌంటరు దగ్గర యువకుడు, “సూపర్ సార్,” అన్నాడు. నా సెకండ్ క్లాసును ఇన్నేళ్లలో ఎవరూ అంతగా మెచ్చుకోలేదు.

ఇసుక మీద

సాయంత్రం సహన తరగతి చూశాను. పన్నెండుమంది పెద్ద పెద్ద జీతాలవాళ్లు ఇసుకలో పన్నెండు పలకల మీద బోర్లా పడుకొని గాల్లో ఈత కొడుతున్నారు. మా సహన వాళ్ల మధ్య తిరుగుతూ ఒకరి మడమ జరుపుతోంది, ఒకరి గడ్డం ఎత్తుతోంది. “లే” అంటే అందరూ ఒక్కసారి లేచి నిలబడాలి. బ్యాంకు మేనేజరొకతను లేచాడు గాని ఎటు తిరగాలో తెలియక రోడ్డు వైపు తిరిగాడు.

“సార్, సముద్రం అటు ఉండాది,” అంది సహన.

ఎవరూ నొచ్చుకోలేదు. వాళ్లింట్లో ఇలాంటి మాటలు పడతారా అని నాకు అనుమానం.

తరగతి కాగానే నన్ను ఊరంతా తిప్పింది. వలలు అల్లే చోటు, పడవలకు రంగు వేసే చోటు చూపించింది. నల్లబడింది, ముక్కు మీద తోలు ఊడింది. బెంగళూరులో ఉన్నప్పుడు ఫోన్‌లో ‘ఆ, ఊ’ తప్ప మాట్లాడని పిల్ల ఆగకుండా మాట్లాడింది.

“నాన్నకు ఏం చెప్తారు తాతా?”

“చూసినది చెప్తాను.”

“ఈ నెల దాటిపోతే పర్మనెంటు. ఇంగ ఆరు రోజులే ఉండాది. అంతవరకు ఏ తొందరా, ఏ ఇబ్బందీ రాకుంటే చాలు.”

తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. కౌంటరు మీద ఫారాల కట్ట ఉంది, నాదీ అందులోనే; గబగబా సంతకాలు పెట్టేసింది. నేను పక్కనే ఉన్నాను. కాగితం చదవడానికి పట్టే సమయం ఎంతో నాకు తెలుసు. అంత సమయం ఆమె తీసుకోలేదు. అలసిపోయి ఉంది కదా అని నోరు మెదపలేదు.

పాయింట్

మరునాడు ఉదయం, “ఇంటర్మీడియట్ వాళ్లు పాయింట్‌కు,” అని పిలిచారు. సహన తరగతికి ఒడ్డు పక్కన మోకాటి లోతు నీళ్లు. మాకేమో అక్కడికి కేకవేటు దూరంలో, ఊరికి దక్షిణాన, రాళ్ల గుట్ట ముక్కులా సముద్రంలోకి పొడుచుకొని ఉన్న చోటు. మామూలు ఒడ్డున అల మొత్తం ఒకేసారి కూలిపోతుంది. ఇక్కడ ముక్కు దగ్గర విరగడం మొదలై, చీర కుచ్చిళ్లు జారినట్టు వరసగా ఒక పక్కకు విరుగుతూ పోతుంది. చదువును బట్టి చోటు కేటాయించే పద్ధతి కొంచెం విడ్డూరంగా తోచింది. కానీ నా చోటు మంచిదే కాబట్టి అభ్యంతరం చెప్పలేదు.

నా పక్కన హైదరాబాదు అమ్మాయి నడుస్తోంది. శ్రావణి అట, చెన్నైలో పళ్ల డాక్టరు.

“నువ్వూ ఇంటర్మీడియటేనా తల్లీ?” అన్నాను.

“అవునంకుల్. మూడేళ్ల నుంచి అక్కడే ఆగిపోయా.”

నాకు జాలేసింది. “ఏ సబ్జెక్టులో పోతా ఉండాది?”

“టర్నింగ్‌లో అంకుల్.”

“మా కాలంలో ఆ సబ్జెక్టు లేదు,” అన్నాను. చెన్నైలో పంటి నొప్పి వచ్చినా ఈమె దగ్గరికి పోకూడదని మనసులో రాసుకున్నాను.

మమ్మల్ని తీసుకుపోయే గురువు సెల్వం ఆ ఊరి జాలరి బిడ్డే. నా తల వైపు, మోకాళ్ల వైపు చూసి, తమిళంలో అడిగాడు, ఎన్నేళ్లయింది అయ్యా అని. కేజీఎఫ్‌లో తమిళం రాకుండా కూరగాయలు కొనలేం కనుక నాకు ఇబ్బంది లేదు.

“నలభై ఐదేళ్లు దాటినాయి.”

సెల్వం నిలబడిపోయాడు. “అప్పట్లోనేనా? ఎక్కడయ్యా?”

“కుప్పంలో.”

“కుప్పంలోనా. ఎంతమంది ఉండేవాళ్లు?”

“మా బ్యాచ్‌లో అరవైమంది. పాసైనది ముప్పైమందే.”

“మిగతావాళ్లు?”

“పోయినారు,” అన్నాను, ఫెయిలయ్యారన్న అర్థంలో.

సెల్వం తలవంచుకున్నాడు. తీరం తమిళంలో కుప్పం అంటే జాలరిపేట. అది నాకు తెలియని మాట కాదు, కానీ ఆ క్షణంలో తోచలేదు. ఏ ఊరయ్యా మీది అంటే, పుట్టింది కామసముద్రం, ఉండేది కోరమాండల్ అని చెప్పాను. మూడూ నిజాలే. ఆ మూడు నిజాలు విని ఆ మనిషి నా పలక తనే మోశాడు.

పలక మీద బోర్లా పడుకొని చేతులతో తోసుకుంటూ పోయాం. సైనైడ్ దిబ్బలంత ఎత్తు అలలు ఉంటాయనుకున్నాను; ఛాతీ ఎత్తు కూడా లేవు. ముక్కు దాటాక అందరూ కాళ్లు వేలాడేసుకొని వరసగా కూర్చున్నారు. నేను కష్టపడి కూర్చున్నాను. అల విరిగే చోటికి ఎవరు దగ్గరో అల వాళ్లది, మధ్యలో ఇంకొకరు దూరడం మహాపరాధం. నాకు మా కాలనీ కుళాయి గుర్తొచ్చింది. అక్కడ మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, చోటు చోటే. ఇక్కడ పలకను వదిలితే అది ఒడ్డుకు పోతుంది, కాబట్టి మనిషే ఉండాలి.

గడ్డమున్న ఒకతను ప్రతిసారీ చుట్టూ తిరిగి వచ్చి అందరికన్నా ముందు కూర్చుంటున్నాడు. ఎవరూ ఏమీ అనడం లేదు, లోపల మాత్రం కుతకుతలాడుతున్నారు. మూడోసారికి నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

“ఏమప్పా, వరసలో రావా నువ్వు? నీకంటే ముందు నలుగురుండారు ఈడ.”

భాష అర్థం కాలేదు గాని భావం చేరింది. అతను వెనక్కి పోయాడు. మిగతావాళ్లు నీళ్ల మీద చప్పట్లు కొట్టారు. శ్రావణి, “ఈ అల అంకుల్‌ది,” అంది. అందరూ జరిగి దారిచ్చారు. సెల్వం చేతులు కట్టుకొని చూస్తున్నాడు, కుప్పం పెద్దాయన ఏం చేస్తాడో అని.

అంతమంది మర్యాద చేస్తే కాదనడం ఎలా? పలక తిప్పి పడుకున్నాను. అల వెనక నుంచి ఎత్తింది. గనిలో ఇరవై ఏళ్లు పనిచేసి, మనుషుల్ని దించే కేజ్‌లో నేను లోపలికి దిగింది రెండే సార్లు; రెండు సార్లూ కడుపు పైనే ఉండిపోయింది, నేను కిందికి పోయాను. ఇక్కడా అంతే. లేచి నిలబడాలన్న సంగతి గుర్తుకు రాలేదు. పక్కకు తిరగాలని అసలే తెలియదు. టర్నింగ్ అంటే ఏ సబ్జెక్టో అప్పుడు అర్థమైంది. తిన్నగా రాళ్ల మీదికి పోతున్నాను.

పలక వదిలి నీళ్లలో పడ్డాను. పలక రాయికి తగిలి రెండు ముక్కలైంది. బావిలో నేర్చుకున్న ఈత బావిలోనే పనికొస్తుంది. బావి మనల్ని లాగదు. నాలుగు గుక్కలు ఉప్పునీళ్లు మింగాక ఎవరో నా చొక్కా పట్టుకున్నారు.

“తాతా, కాళ్లు ఆడించండి. నోరు మూసుకోండి.”

నన్ను నోరు మూసుకోమన్నవాళ్లు మా ఇంట్లో అంతవరకు లేరు. మూసుకున్నాను. సెల్వం చేరేలోపే, ఒడ్డు నుంచి ఈదుకొచ్చిన సహన నన్ను రాళ్లకు దూరంగా లాగేసింది. మోచేయి గీరుకుపోవడం తప్ప నాకేమీ కాలేదు. ఒడ్డున చూస్తే, మోకాటి లోతు నీళ్లలో పన్నెండుమంది పన్నెండు పలకలు పట్టుకొని, టీచరు లేకుండా, నోళ్లు తెరుచుకొని నిలబడి ఉన్నారు.

విచారణ

వివేక్ నా ఫారం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

“సార్, మీరు ఇంటర్మీడియట్ అని రాసినారు.”

“అవునప్పా. కుప్పం. సెకండ్ క్లాసు.”

శ్రావణి, సెల్వం కూడా అక్కడే ఉన్నారు. మొదట అర్థమైంది శ్రావణికి. నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. సెల్వం మాత్రం ఆ మిగతా ముప్పైమంది బతికే ఉన్నారా అని మెల్లగా అడిగాడు. ఉన్నారని చెప్పాను. ఇద్దరు ఎమ్మార్వోలు కూడా అయ్యారు.

“ఈడ ఇంటర్మీడియట్ అంటే మధ్యరకం ఆటగాళ్లు సార్,” అన్నాడు వివేక్. అతను నవ్వలేదు. “కింద సంతకం నీది కదా సహనా?”

“నాదే.”

“చదివినావా?”

అబద్ధం చెప్పడానికి అక్కడ బోలెడు చోటుంది. తాత గొడవ పెట్టాడనవచ్చు, చీకట్లో కనబడలేదనవచ్చు.

“చదవలేదు. సంతకం మాత్రం పెట్టినాను,” అంది.

“క్లాసు వదిలి పోయినావు.”

“పోయినాను. బ్యాంకు సారును అందరినీ ఒడ్డుకు తీసుకుపొమ్మని చెప్పి పోయినాను.”

“ఆయన ఒడ్డు ఏ పక్క ఉండాదో తెలియని మనిషి.”

తప్పు రాసింది నేను కాబట్టి పలక ఖరీదు, నింద రెండూ నావే అన్నాను. వివేక్ పలక సంగతి వదిలేశాడు. నింద వదల్లేదు. నీళ్లలో వదిలేసిన టీచరు దగ్గరికి మళ్లీ ఎవరు వస్తారు, అన్నాడు. నాలుగో నిబంధన ప్రకారం ఈ రోజే ఆఖరు, కానీ మనిషిని కాపాడింది కాబట్టి రేపు ఉదయం ఇంకొక్క తరగతి పెట్టమన్నాడు. ఆ పన్నెండుమంది వస్తే ఉండొచ్చు. రాకపోతే వాళ్ల డబ్బు వాపసు చేసి, ఆమెను తాతతోపాటు రైలెక్కించాలి. ఫ్యామిలీలో ఇలాంటివి తప్పవు సార్, అని నాతో అన్నాడు.

ఆ సాయంత్రం డైరీలో అంతా రాశాను. ఆమె ఫారం చదవకుండా సంతకం పెట్టిన సంగతి దగ్గర కలం కాసేపు ఆగింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే అల్లుడికి చదివి వినిపించేటప్పుడు చాలా హాయిగా ఉంటుంది. రాశాను. నేను పక్కనుండి చూసీ మాట్లాడలేదన్నది కూడా రాశాను.

పన్నెండు పలకలు

ఉదయం ఆరింటికి సహన ఒక్కతే ఇసుకలో పన్నెండు పలకలు వరసగా పరిచింది. పరిచి, చేతులు కట్టుకొని సముద్రం వైపు తిరిగి నిలబడింది. దారి వైపు చూడలేదు. నేను చూశాను. ఆరుంబావుకు ఎవరూ లేరు. వివేక్ మెట్ల మీద టీ తాగుతున్నాడు.

మొదట వచ్చింది బ్యాంకు మేనేజరు. నేరుగా ఒక పలక మీద బోర్లా పడుకున్నాడు. తరవాత ఇద్దరు. తరవాత ఒక గుంపు. అప్పుడే మా అల్లుడు ఫోన్ చేశాడు, అంగడి తెరవకముందే. నేను కాస్త పక్కకు పోయి డైరీలో ఉన్నది ఉన్నట్టు చదివాను. రాళ్లు, పలక, సంతకం, వదిలేసిన తరగతి, అన్నీ.

“మీకు దెబ్బ తగల్లేదు కదా మావా?”

“లేదు.”

“చదవకుండా సంతకం పెట్టినానని దాని నోటితోనే చెప్పినాదా?”

“దాని నోటితోనే.”

అవతల షట్టరు ఎత్తిన చప్పుడు వినబడింది. “ఆ పన్నెండుమంది ఈ పొద్దు వచ్చినారా?”

తిరిగి లెక్కపెట్టాను. “పదకొండుమంది వచ్చినారు. ఇంగొకతను సెలవు అయిపోయి పొద్దున్నే బస్సెక్కినాడంట.”

“తప్పు జరిగిన అంగడికి గిరాకీ మర్నాడు తిరిగి రావడం నేను ఎప్పుడోగాని చూడలేదు మావా. పదకొండుమంది వచ్చినారంటే పిల్లకు పని వచ్చు. ఉండనీండి.” కొంచెం ఆగి, “సంతకాలు మాత్రం చదివి పెట్టమనండి,” అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకొని వచ్చేసరికి వివేక్ మెట్ల మీద లేడు; తలలు లెక్కపెట్టుకొని, వాపసు మాట ఎత్తకుండా లోపలికి పోయాడట. గ్లాసు ఉంది. సహన వరస మధ్యలో తిరుగుతూ ఎవరిదో గడ్డం ఎత్తుతోంది. నాన్న ఏమన్నాడని అడగలేదు. నా మొహం చూసింది, అంతే.

“తాతా, చివర పలక ఖాళీగా ఉండాది. వచ్చి పడుకోండి.”

“చూస్తా ఉంటానులేమ్మా.”

“చూసేవాళ్లు మెట్ల మీద. ఈడ ఉంటే పడుకోవాల.”

చెప్పులు విడిచి, డైరీ వాటి మీద పెట్టి, వెళ్లి పడుకున్నాను.